చివరి ఆయకట్టుకు మాట అందిందా?

(ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. వక్త పాతికేళ్లు వీడియో కాన్ఫరెన్స్ గదులు నడిపి రిటైరైన టెక్నీషియన్. హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు, ఫోన్‌లో ఆరుగురు విన్నారు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వినబడుతోందా?

హాల్లో వాళ్లను కాదండీ అడిగింది. మీకు వినబడకపోతే మీరే అరుస్తారు. ఈ స్టాండు మీది ఫోన్‌లో ఉన్న ఆరుగురినీ అడుగుతున్నాను. ఒకటి, రెండు, మూడు... ఐదు చేతులు లేచాయి. ఆరో ఆవిడ? మచిలీపట్నం నుంచి చేరినావిడ... తల ఊపారు. తల ఊపితే చాలదమ్మా, ఎందుకో తర్వాత చెప్తాను. నోటితో ఒక్క మాట అనండి. "వినబడుతోందండీ, కాస్త గాలి శబ్దం వస్తోంది." గాలి కాదమ్మా, మా హాల్లో ఫ్యాన్. చూద్దాం, ఇబ్బందైతే మళ్లీ చెప్పండి.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివర ఊరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. ఎగువ ఊళ్లలో నాట్లు కూడా అయిపోతాయి. మా నాన్న మాత్రం గట్టు మీద నిలబడి ఎండిన బోదె వంక చూస్తుండేవాడు. ఎవరైనా వచ్చి "నీళ్లొచ్చాయటగా" అంటే, "బ్యారేజీకి వచ్చాయి, నాకు రాలేదు" అనేవాడు. నేను పాతికేళ్లు చేసిన ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. వీడియో సమావేశం జరిగిందా అంటే జరిగింది. చివరి ఆయకట్టుకు మాట చేరిందా అన్నది వేరే ప్రశ్న.

మా ఆఫీసు భాషలో వీడియో కాన్ఫరెన్సును పొట్టిగా వీసీ అంటారు. వీసీ అంటే విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అనుకునేవాళ్లు ఒకప్పుడు. ఇప్పుడు అర్జీ పట్టుకుని ఆఫీసుకెళ్లిన ఏ రైతునైనా అడగండి, వీసీ అంటే ఏంటో చెప్తాడు. "సార్ వీసీలో ఉన్నారు, కూర్చో." (నవ్వులు) కూర్చోడానికి బల్ల ఉంటే అదృష్టం.

1990ల చివర, చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, హైదరాబాద్ నుంచి జిల్లా కలెక్టర్లతో వీడియోలో మాట్లాడటం మొదలైంది. అంతకు ముందు శ్రీకాకుళం నుంచి ఒక అధికారి గంటసేపు సమీక్షకు రావాలంటే రాత్రంతా రైల్లో కూర్చుని రావాలి, మళ్లీ రాత్రంతా కూర్చుని పోవాలి. అది తప్పిందంటే చిన్న సంగతి కాదు. నేను అలాంటి గది ఒకదాంట్లో చేరాను. ఏ ఆఫీసో చెప్పను, ఇప్పటికీ అక్కడ మనవాళ్లున్నారు. గది అంటే వెనకాల నీలం గుడ్డ, ముందు పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా, బల్ల మీద బల్లపరుపుగా ఒక మైకు. ఊరంతటికీ ఏసీ లేని రోజుల్లో ఆ గదికి ఏసీ. మనుషుల కోసం కాదు, మిషను కోసం!

ఆ నీలం గుడ్డ దేనికని చాలామంది అడిగేవారు. అందం కోసం అనుకునేవారు. దాని వెనక లెక్కుంది. టీవీలో కనిపించేంత మంచి బొమ్మను ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు 16 కోట్ల బిట్లకు పైనే కావాలి, బిట్లంటే మిషను చదివే సున్నాలూ ఒకట్లూ. మా దగ్గర ఉన్న లైను ఆరు టెలిఫోను చానెళ్లు కలిపితే 384 వేల బిట్లు. ఏరు పారాల్సిన చోట బిందెతో పొయ్యడం. మరి ఎలా పోయింది? 1988లో వీడియోను కుదించి పంపడానికి హెచ్.261 అనే ప్రమాణం వచ్చింది. దాని కిటుకు చెప్తే మీకు నవ్వొస్తుంది. బొమ్మ మొత్తం ప్రతిసారీ పంపదు. ఒకసారి పంపి, ఆ తర్వాత "ముందు బొమ్మకూ దీనికీ ఏం మారింది" అన్నదే పంపుతుంది. గోడ మారలేదు, పంపక్కర్లేదు. పెదాలు కదిలాయి, ఆ ముక్క పంపు. ఈనాటి మీ ఫోన్‌లో ఉన్నదీ దాని మునిమనవడే.

అందుకే నీలం గుడ్డ కదలకూడదు. వెనక క్యాలెండరు గాలికి ఎగిరితే, కిటికీ అవతల చెట్టు ఊగితే, మిషను ఆ ఆకులన్నీ లెక్కపెట్టి పంపుతూ కూర్చుంటుంది. ఇక ముఖానికి ఏం మిగులుతుంది? మాట్లాడే మనిషి ముఖం గళ్లగళ్లుగా అలికినట్టయ్యేది. ఇప్పుడు కూడా అంతే. ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండి మనవడితో మాట్లాడాలంటే, తిరిగే ఫ్యాను కిందనో ఊగే కర్టెను ముందో కూర్చోకండి. తెల్లగోడ ముందు కూర్చోండి.

దూరాన ఉన్న మనిషి ముఖం చూస్తూ మాట్లాడాలన్న కోరిక పాతదే. 1927లో అమెరికాలో హెర్బర్ట్ హూవర్ అనే ఆయన, అప్పటికి వాణిజ్య మంత్రి, తర్వాత అధ్యక్షుడయ్యాడు, వాషింగ్టన్‌లో కూర్చుని మాట్లాడితే న్యూయార్క్‌లో జనం ఆయన ముఖం చూశారు. వాళ్ల ముఖాలు ఆయనకు కనబడలేదు. అంటే మొట్టమొదటి ప్రదర్శనలోనే పెద్దాయన మాట్లాడటం, మిగతావాళ్లు చూడటం. మా వీసీలకు ఆదిపురుషుడు ఆయనే అంటాను. (నవ్వులు) 1936లో జర్మనీలో బెర్లిన్‌కూ లైప్‌జిగ్‌కూ మధ్య మామూలు జనం కోసం వీడియో ఫోన్ బూత్‌లు పెట్టారు, యుద్ధంలో అవి మూతపడ్డాయి. 1970లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిక్చర్‌ఫోన్ అమ్మకానికి పెట్టారు. నెలకు 160 డాలర్లు, అందులో అరగంట మాట్లాడుకోవచ్చు. ఎవరు కొంటారు? కొన్నవాడికి కూడా ఇంకొకడి దగ్గర ఆ ఫోను లేకపోతే ఏం లాభం? ఊళ్లో ఒక్కడే పెళ్లికొడుకైతే సంబంధం ఎవరితో? అది మూలపడింది. నా అనుమానం ఏంటంటే, ధర ఒక్కటే కాదు, ఫోను మోగగానే జుట్టు దువ్వుకోవాల్సి రావడం ఎవరికీ నచ్చలేదు.

సరే, బొమ్మ గొడవ తీరింది. అసలు గొడవ ఆలస్యం. నేను చెప్పదలుచుకున్న వాటిలో దీని మీదే ఎక్కువసేపు ఉంటాను.

మా మొదటి లింకు ఉపగ్రహం మీద. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్లాలి, కిందికి రావాలి. 71 వేల కిలోమీటర్లకు పైగా. వెలుగు వేగంతో పోయినా పావు సెకను పడుతుంది. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. మిషన్లు నమిలే కాలం వేరే. అరసెకను ఏపాటి అంటారేమో. మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య సందు ఎంతో తెలుసా? సగటున 200 మిల్లీసెకన్లు, సెకనులో ఐదో వంతు. పది భాషల్లో కొలిచి చూశారు, భాషకీ భాషకీ తేడా ఉన్నా అన్నిట్లోనూ ఆ దరిదాపుల్లోనే ఉంది. మనకు తెలియకుండానే మన చెవి ఆ సందును కొలుస్తుంది. ఆ సందు పెరిగితే మనసుకు అనుమానం. "ఏంటి, ఒప్పుకోవట్లేదా? దాస్తున్నాడా?"

ఇప్పుడు ఊహించుకోండి. పైన ఉన్న పెద్దాయన అడిగాడు, "పింఛన్ల పంపిణీ అయిందా?" మా జిల్లా అధికారి వెంటనే "అయింది సార్" అన్నాడు. కానీ ఆ మాట పైకి చేరేలోపు పెద్దాయనకు సహనం పోయింది. "నిన్నే అడుగుతున్నా!" ఈయన "అయింది సార్" ఆయనకు అప్పుడు చేరింది, ఆయన "నిన్నే" ఈయనకు అప్పుడు చేరింది. ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఎదురెదురుగా వచ్చిన రెండు సైకిళ్లు ఒకేవైపు తప్పుకున్నట్టు. చివరికి మా అధికారికి తడబడతాడని పేరొచ్చింది. ఆయన తడబడలేదండీ. తడబడింది ఉపగ్రహం. ఈ మాట ఆ రోజే నేను పైకి చెప్పుండాల్సింది. చెప్పలేదు. మూలన కూర్చునే టెక్నీషియన్ మాట వినేదెవరు అనుకున్నాను.

ఇప్పుడు సముద్రం అడుగున కేబుళ్లున్నాయి కదా అంటారు. నిజమే, చాలా మెరుగు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు తిన్నగా కొలిస్తే 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 70 మిల్లీసెకన్లు కనీసం. కేబులు తిన్నగా పోదు, వంకలు తిరుగుతుంది. దానికి తోడు మాట ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, ముక్కలు వరుస తప్పి చేరతాయి, అందుకని అవతల యాప్ కొన్ని ముక్కలు చేతిలో పట్టుకుని వరుస పేర్చి అప్పుడు వినిపిస్తుంది. అదీ ఆలస్యమే. ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ సుఖంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ లెక్క. ఇంట్లో వైఫై బాగాలేకపోతే అది సులువుగా దాటిపోతుంది. కోడలు జవాబు ఆలస్యంగా చెప్పిందని అత్తగారు అలిగే ముందు రౌటర్‌ను ఒకసారి చూడాలి. (నవ్వులు)

అమ్మా, మచిలీపట్నం అమ్మా, ఇప్పుడెలా ఉంది? ... ఏమంటున్నారు? "ఫ్యాను శబ్దంలో మాటలు మునిగిపోతున్నాయి." బాబూ, ఆ నా నెత్తి మీది ఫ్యాను ఆపెయ్. తెలుసండీ, ఉక్కపోత. ముప్పై మందికి చెమట పడుతుంది, ఒకావిడకు మాట వినబడుతుంది. ఎగువ తూము కాసేపు దించకుండా చివరికి నీళ్లెలా వస్తాయి? (కొన్ని గొణుగుళ్లు) పదిహేను నిమిషాలు ఓర్చుకోండి.

ఇదొకటి గుర్తుపెట్టుకోండి. బొమ్మ పోయినా సమావేశం సాగుతుంది. గొంతు పోతే సాగదు. గొంతుకు కావాల్సింది బొమ్మకు కావాల్సిన దాంట్లో పిసరంత. అందుకే "కట్ అవుతోంది, కట్ అవుతోంది" అంటూ కూర్చోకుండా కెమెరా ఆపెయ్యండి. ఐదొందల రూపాయల ఇయర్‌ఫోను ముప్పై వేల కెమెరా కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లతో ఒకే మీటింగులో చేరితే ఒకదాని స్పీకరు మాట ఇంకోదాని మైకులో పడి కుయ్యిమంటుంది. దానికి యాప్‌ను తిట్టి లాభం లేదు, ఒకళ్లు బయటికి నడవాలి.

బొమ్మ కన్నా గొంతే ముఖ్యం అన్నాను కదా, దానికి ఒకే మినహాయింపు, సైగల భాషలో మాట్లాడుకునే బధిరులు. వాళ్లకు బొమ్మే గొంతు. మనకు వీడియో ఒక సదుపాయం. వాళ్లకు ఫోన్ అన్నది నిజంగా పుట్టింది వీడియోతోనే. వాళ్లతో మాట్లాడేటప్పుడు కెమెరా ఆపితే నోరు మూసినట్టే, వెలుతురు వెనక నుంచి పడితే గొణిగినట్టే.

ఇప్పుడు మా ఇంటి కథ. చెప్పాలా వద్దా అనుకున్నాను, చెప్తాను.

మేం నలుగురం. పెద్దక్క ఊళ్లోనే. అన్నయ్య హైదరాబాద్. నేను ఇక్కడ. తమ్ముడు డాలస్. నాన్న కట్టిన పెంకుటిల్లు అమ్మే సంగతి మాట్లాడుకోవాలి. మనకు ఆదివారం ఉదయం ఏడున్నర అంటే ఎండాకాలంలో తమ్ముడికి శనివారం రాత్రి తొమ్మిది. అదే నవంబరు తర్వాత అయితే రాత్రి ఎనిమిది, అక్కడ గడియారాలు మారతాయి, మనవి మారవు. ఆ అరగంట తేడా ఎందుకంటారా, మన దేశపు టైము లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచి పోతుంది కాబట్టి. లండన్ నుంచి లెక్కేస్తే ఐదున్నర గంటలు తేలుతుంది. సరే, పక్కదారి పట్టాను.

అందరం చేరాం. అన్నయ్యా తమ్ముడూ ధర మాట్లాడుకున్నారు. నేను రిజిస్ట్రేషన్ ఖర్చులు చెప్పాను. గంట గడిచింది. అన్నయ్య చివర్లో అన్నాడు, "పెద్దక్కకూ ఇష్టమేగా?" తెరమీద అక్క తల కాస్త వంచి మా వంకే చూస్తోంది. ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా, సరే అనుకుని కట్ చేశాం. రెండోరోజు అక్క ఫోను. "ఏరా, ఇల్లు అమ్మేస్తున్నారటగా? మీ ముగ్గురూ అనుకున్నారు, నన్ను ఒక్కమాట అడిగారట్రా?"

జరిగిందేంటంటే, అక్క ఫోన్‌లో సిగ్నల్ పోయి ఇరవై నిమిషాలైంది. మేం చూసింది ఆగిపోయిన బొమ్మ. కదలని తల ఊపు! పాతికేళ్లు ఈ పనే చేసినవాణ్ని, నా ఎదురుగా చివరి ఆయకట్టు ఎండిపోతుంటే చూడలేదు. ఇందాక మచిలీపట్నం అమ్మను తల ఊపితే చాలదన్నది అందుకు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మౌనానికి అర్థం ఉంటుంది. అలక, ఒప్పుకోలు, ఆలోచన, అన్నీ ముఖంలో తెలుస్తాయి. తెర మీద మౌనానికి ఇంకో మూడు అర్థాలు చేరాయి. మ్యూట్‌లో ఉండటం. సిగ్నల్ పోవడం. ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటే దూరే సందు దొరక్కపోవడం. మూడోది ఎక్కువగా ఆడవాళ్లకూ, చిన్న ఉద్యోగులకూ, సిగ్నల్ బాగాలేనివాళ్లకూ జరుగుతుంది. ఆలస్యం ఎవరికి ఎక్కువో వాళ్లకు వంతు దొరకదు.

దీన్ని మన చట్టం రాసినవాళ్లు పట్టుకున్నారండీ. కంపెనీల చట్టం, 2013. దాని కింద 2014లో నియమాలు రాశారు. డైరెక్టర్లు వీడియోలో బోర్డు మీటింగుకు రావచ్చు. కానీ మొదట్లో అధ్యక్షుడు హాజరు పిలవాలి. ప్రతి ఒక్కరూ పేరు చెప్పాలి, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారో చెప్పాలి, అజెండా కాగితాలు అందాయని చెప్పాలి, తన గదిలో ఇంకెవరూ వినట్లేదని చెప్పాలి. మాట్లాడే ముందు తానెవరో చెప్పుకోవాలి. మాట మధ్యలో తెగితే అధ్యక్షుడు మళ్లీ చెప్పమని అడగాలి. చివర్లో ఏం నిర్ణయించారో, ఎవరు కాదన్నారో పైకి చదవాలి. కోట్ల కంపెనీలకు రాసిన రూలు. మా పెంకుటింటికి కూడా సరిపోయింది.

రెండోసారి అలాగే చేశాం. తమ్ముడు నవ్వాడు, "ఏంటన్నయ్యా, అసెంబ్లీనా?" అన్నాడు. నవ్వనీ. ప్రతి పది నిమిషాలకూ మొదట అక్కను అడిగాను. అక్క అమ్మొద్దనలేదు. "అమ్మండి. ఆ ద్వారబంధం, గడప మాత్రం ఊడదీసి నాకియ్యండి. అమ్మ చేత్తో పసుపు రాసిన గడపరా అది" అంది. మొదటి మీటింగులో గంటసేపు మాట్లాడినవాళ్లం, ఈ మాట మా ఎవరి నోటా రాలేదు.

కోర్టుల సంగతి ఒకటి చెప్పాలి. నేరాల కేసుల్లో సాక్ష్యం నిందితుడి సమక్షంలో తీసుకోవాలని చట్టం. న్యూయార్క్‌లో ఉన్న క్యాన్సర్ డాక్టరు ఒకాయన ఇండియాకు రానన్నాడు, వీడియోలో అయితే చెప్తానన్నాడు. అది సమక్షం అవుతుందా? 2003లో సుప్రీంకోర్టు అవుతుందంది. తాకలేకపోవడం ఒక్కటే తప్ప చూడొచ్చు, వినొచ్చు, ఎదురుగా ఉన్నట్టే గమనించొచ్చు అని. పదిహేడేళ్ల తర్వాత, 2020 ఏప్రిల్‌లో, కరోనా వచ్చినప్పుడు అదే సుప్రీంకోర్టు దేశమంతా కోర్టులు వీడియోలో నడపడానికి ఆదేశాలిచ్చింది. ఆ నెలల్లోనే కదా మనందరికీ ఇది అంటుకుంది. జూమ్‌లో 2019 డిసెంబరులో రోజుకు కోటి మంది చేరేవారు, 2020 మార్చికి 20 కోట్లు.

తాకలేకపోవడం ఒక్కటే అన్నారు చూశారా, వైద్యంలో అదే పెద్ద కొరత. చిత్తూరు జిల్లా అరగొండలో ఊరి ఆసుపత్రిని ఉపగ్రహం లింకుతో పట్నం డాక్టర్లకు కలిపారు. 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు దాన్ని ప్రారంభించారు. ఇలాంటి చోట పట్నం డాక్టరు గారికి కళ్లూ చెవులూ ఉంటాయి, చేతులుండవు. రోగి పక్కన నిలబడిన నర్సే ఆయన చేతులు. ఎక్కడ నొప్పో నొక్కి చూసేది ఆవిడ. పట్నం డాక్టరు ఆవిడతో ఎలా మాట్లాడతాడన్న దాన్ని బట్టే ఆ సమావేశం పనికొస్తుందా లేదా అన్నది తేలుతుంది.

గల్ఫ్ వాళ్లను మరిచిపోతే తప్పు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఐఎంఓ అన్న వీడియో కాల్ యాప్ పేరు తెలియని ముసలమ్మ ఉండదు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పోదు, అందుకని వేరే యాప్‌లు. ఒక్కో గదిలో ఎంతోమంది ఉంటారు, ఒకరి పక్కన ఒకరు తలగడలో మొహం దాచుకుని మాట్లాడుకుంటారు. వాళ్లకు వెలుతురూ గోడా నీలం గుడ్డా అని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇంకొక్కటి, అలసట. రోజంతా వీడియోలో కూర్చుంటే ఎందుకంత నీరసం? స్టాన్‌ఫర్డ్‌లో బెయిలెన్సన్ అనే ఆచార్యుడు 2021లో నాలుగు కారణాలు రాశాడు. ముఖాలు మరీ దగ్గరగా తేరిపార చూడటం, మన ముఖం మనకే కనబడటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలు కష్టపడి చెయ్యాల్సి రావడం. రెండోదానికి మందు సులువు. మీ ముఖం మీకు కనబడకుండా దాచే మీట ఉంటుంది, నొక్కండి. రోజుకు నాలుగు గంటలు ఎదురుగా అద్దం పెట్టుకుని పనిచేసే మనిషి మంగలి షాపులో తప్ప ఇంకెక్కడుంటాడు? (నవ్వులు)

పదిహేను నిమిషాలన్నాను, అరగంటైంది. బాబూ, ఫ్యాను వెయ్యి. లేదు, లేదు, ఆగు. ప్రశ్నలున్నాయిగా. ముందు ఫోన్‌లో ఉన్నవాళ్లు అడగాలి. హాల్లో చేతులు దించండి, మీ వంతు వస్తుంది. మచిలీపట్నం అమ్మా, మీరు. మ్యూట్ తీశారా? ... తొందరేం లేదు, మీ మాట ఇక్కడికి చేరేదాకా మేం ఎవరం నోరు తెరవం.